ఆ 38 సెకన్లలో నేను బాధపడలేదు: సామూహిక చిత్ర బృందాలు నడిపేవారికి బహిరంగ లేఖ

సామూహిక చిత్ర బృందాల నిర్వాహకులకు, వాటికి డబ్బు, గది, పరికరాలు సమకూర్చే సంస్థలకు, చిత్రోత్సవాలు జరిపేవారికి

నమస్కారం.

నేను ఆటిస్టిక్ వ్యక్తిని. ఆరేళ్లపాటు ఒక సామూహిక చిత్ర బృందంలో సౌండ్ చూశాను. బూమ్ (కొసన మైకు ఉండే పొడవాటి కర్ర) పట్టుకోవడం, మైకులు తగిలించడం, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడం, రాత్రికి ఫైళ్లన్నిటికీ పేర్లు పెట్టి సర్దడం నా పని. మాలో ఎవరికీ సినిమా వృత్తి కాదు, ఎవరికీ జీతం లేదు. వారానికి రెండు రోజులు కలిసేవాళ్లం. ఆరేళ్లలో తొమ్మిది చిన్న సినిమాలు తీశాం. మీలాంటివారు గది తెరిచి పెట్టకపోతే, కెమెరా చేతికివ్వకపోతే అవేవీ ఉండేవి కావు. అందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఫిర్యాదు, ఆ తర్వాత డిమాండ్లు.

దీన్ని నలుగురిలో పెట్టాలని మొదట అనుకోలేదు. మా బృందాన్ని నడిపిన సంస్థకు ఎనిమిది నెలల్లో మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి "మీ ఉత్తరం అందింది" అని జవాబు వచ్చింది. మిగతా రెండింటికి అదీ రాలేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. వేరే బృందాల్లో ఉన్న ఆటిస్టిక్ మిత్రులను కదిలిస్తే, ఇలాంటిది మా ఒక్కరికే జరగలేదని తెలిసింది. అందుకే మీ అందరికీ రాస్తున్నాను.

జరిగింది ఇదీ.

మా పదో సినిమా షూటింగులో ఉండగా, ఆ సంస్థ మా మీదే ఒక సినిమా తీయించాలనుకుని బయటి నుంచి నిపుణులను పిలిపించింది. వాళ్లు నాలుగు రోజులు మా వెంట తిరిగి, మేం పని చేసుకుంటుండగా షూట్ చేశారు. మర్యాదగానే ఉన్నారు. అనుమతి పత్రం మీద సంతకాలు అడిగితే అందరం పెట్టాం. పూర్తయిన సినిమాలో నాది ఒక షాట్ ఉంది. కళ్లు మూసుకుని, తల వంచి, రెండు చేతులతో హెడ్‌ఫోన్లను చెవులకు అదిమిపట్టి నిలబడి ఉంటాను. 38 సెకన్లు. కెమెరా నెమ్మదిగా నా ముఖం దగ్గరికి వస్తుంది. వెనక వయొలిన్ ఏడుస్తుంటుంది. ఈ లోకంలోని శబ్దాలు వీళ్లకు ఎంత నరకమో మనం ఊహించలేమని ఒక గొంతు చెబుతుంది.

ప్రదర్శన అయ్యాక ఒకావిడ వచ్చి నా చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మంచి మనిషి. ఆవిడకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఎందుకంటే ఆ షాట్ తీసినప్పుడు నేను రూమ్ టోన్ రికార్డు చేస్తున్నాను.

రూమ్ టోన్ సంగతి తెలియనివారి కోసం చెబుతాను. ఏ చోటి నిశ్శబ్దం ఆ చోటిదే. ఖాళీ గదిలోనూ గాలి కదులుతుంది, గోడ అవతల ఏదో మోటారు తిరుగుతుంది, కిటికీ అద్దం సన్నగా కంపిస్తుంది. ఎడిటింగులో డైలాగుకూ డైలాగుకూ మధ్య కోసిన చోట శబ్దం పూర్తిగా ఆగిపోతే, నడుస్తూ నడుస్తూ గుంటలో కాలు పడ్డట్టు ఉంటుంది. ఆ గుంటలు పూడ్చడానికి సీను అయిపోయాక అదే గదిలో, అందరూ ఎక్కడివాళ్లు అక్కడే ఉండగా, అర నిమిషం నుంచి ఒక నిమిషం దాకా ఆ నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తారు. మనుషులు బయటికి వెళ్లిపోతే టోన్ మారిపోతుంది. ఒంటి మీది బట్టలు కూడా శబ్దాన్ని పీల్చుకుంటాయి.

మా బృందంలో ఆ మాట చెప్పేది నేనే. "రూమ్ టోన్. ఎవరూ కదలొద్దు" అంటాను. మిగతా 13 మందీ ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోతారు. ఎవరూ ఎవరి ముఖంలోకీ చూడరు. ఏదో ఒకటి మాట్లాడకపోతే బాగుండదన్న మొహమాటం ఉండదు. ఆ రోజు హెడ్‌ఫోన్లలో ఏం వినిపించిందో ఇప్పటికీ గుర్తుంది. అప్పుడే ఆర్పిన లైటు చల్లారుతూ టిక్, టిక్ మంటోంది. ఎడమవైపు ఎవరో గుటక మింగారు. క్లాప్ కొట్టే కుర్రాడి చెప్పు కింద ఒక ఇసుక రేణువు నలిగింది. చిన్నప్పటి నుంచి నన్ను అందరిలోంచీ విడదీసిన చెవులివి. ఆ 38 సెకన్లూ ఆ 13 మందీ ఆ చెవుల కోసమే ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నలుగురి మధ్య ఉండి, ఇక్కడ నాకూ చోటుంది అని అనుమానం లేకుండా అనిపించే నిమిషం నాకు ఇదొక్కటే.

దాని మీద వయొలిన్ పెట్టారు.

ఎడిటింగుకు ఎంత బలం ఉందో సినిమా తీసేవారికి నేను చెప్పక్కర్లేదు. వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒకే నటుడి ఒకే ముఖాన్ని వేర్వేరు షాట్ల పక్కన అతికించి చూపిస్తే, జనం ఆ ముఖంలో ఒకసారి ఆకలినీ ఒకసారి దుఃఖాన్నీ చూశారని సినిమా పాఠాల్లో మొదటి రోజే చెబుతారు. మా విషయంలో ఇది ఇంకా ప్రమాదం. 2017లో నోవా సాసన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆటిస్టిక్ వ్యక్తులు మాట్లాడుతున్న కొద్ది సెకన్ల వీడియో చూసినవారు, గొంతు మాత్రమే విన్నవారు, చివరికి ఒక్క ఫొటో చూసినవారు కూడా, వాళ్లతో మాట కలపడానికి అంతగా ఇష్టపడలేదు. అవే మాటలను కాగితం మీద అచ్చువేసి ఇస్తే ఆ తేడా కనిపించలేదు. అంటే మా మాటల్లో లోపమేమీ లేదు, మా ముఖాన్నీ గొంతునూ జనం చదివే తీరులోనే తేడా వస్తోంది. అలాంటి ముఖాన్ని తెచ్చి, దానికి మీ సంగీతం తగిలించి, మీ వ్యాఖ్యానం చదివి వదిలితే మేం ఇంకెవరికి చెప్పుకోవాలి?

నేను ఆ బృందంలోకి ఎలా వచ్చానో కొంచెం చెప్పాలి. లేకపోతే నా డిమాండ్లు గొంతెమ్మ కోరికల్లా కనిపిస్తాయి.

నాకు ఆటిజం అని 29వ ఏట తెలిసింది. అప్పటిదాకా దానికి వేరే పేర్లు ఉండేవి: పొగరు, మొండితనం, ముభావం. పిల్ల మంచిదే కానీ ఎవరితోనూ కలవదు అనేవారు. కళ్లలోకి చూసి మాట్లాడమంటే ముక్కు మొదట్లోకి చూడటం అలవాటు చేసుకున్నాను. దాని మీద ఎంత దృష్టి పెట్టాల్సి వచ్చేదంటే, ఎదుటివారు ఏం అంటున్నారో చెవికెక్కేది కాదు. నిర్ధారణ అయ్యాక, నలుగురిలో కలవడం నేర్పుతామన్న చోటికల్లా వెళ్లాను. అన్నిచోట్లా కుర్చీలు గుండ్రంగా వేసి ఉండేవి. "మీ గురించి చెప్పండి" అనేవారు. నా వంతు వచ్చేసరికి గొంతు పూడుకుపోయేది.

చిత్ర బృందంలో మొదటి రోజు నా గురించి ఎవరూ అడగలేదు. కెమెరా చూసే అక్క బూమ్ తెచ్చి చేతికిచ్చింది. "ఫ్రేములోకి రాకుండా ఎంత దగ్గరికి వస్తే అంత మంచిది. నీడ మాత్రం పడకూడదు" అంది. అంతే. అంత విడమరిచిన మాట అంతకుముందు నాతో ఎవరూ మాట్లాడలేదు. సాయంత్రానికి చేతులు పీకేశాయి. మర్నాడు చెప్పిన సమయానికి పావుగంట ముందే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను.

షూటింగులో చాలా సంగతులు పైకి చెప్పుకోవాల్సిందే. ఎవరు ఎప్పుడు రావాలో కాల్ షీట్‌లో ఉంటుంది. ఏ సీను, ఏ షాట్, ఎన్నో టేకు అన్నది క్లాప్ బోర్డు మీద రాసి, నోటితో చదివి మరీ మొదలుపెడతారు. సౌండ్ రన్ అయిందా అని అడుగుతారు, అయిందని నేను చెప్పాలి. యాక్షన్ అన్నదాకా ఎవరూ మొదలుపెట్టరు, కట్ అన్నదాకా ఎవరూ ఆపరు. తప్పు జరిగితే "వన్ మోర్" అంటారు, ఎవరి ముఖమూ మాడదు. బయట ఇవే సంగతులు కనుబొమ్మలతోనో గొంతు తేడాతోనో చెప్పుకుంటారు. అది నాకు అందదు. ఈ పద్ధతులేవీ ఆటిజం కోసం పెట్టినవి కావు, సినిమా తీయాలంటే ఎవరికైనా అవసరమైనవే. అందుకే అక్కడ నాకోసం ఎవరో దయతో సర్దుకుంటున్నారన్న భావన లేకుండా ఉండగలిగాను.

మా 14 మందిలో ఆరుగురం ఆటిస్టిక్. కంటిన్యుటీ, అంటే ఒక షాట్‌లో ఉన్నవి తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉన్నాయా అన్నది, చూసే అతను రోజుకు పది మాటలు కూడా మాట్లాడడు. ఒకసారి నలభై నిమిషాల విరామం తర్వాత సీను మళ్లీ మొదలవుతుంటే నేరుగా బల్ల దగ్గరికి నడిచి, గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు ఒంపేసి వచ్చి కూర్చున్నాడు. ఫుటేజీ తీసి చూస్తే పాత షాట్‌లో నీళ్లు సరిగ్గా అక్కడిదాకానే ఉన్నాయి. ఎడిటింగ్ చేసే అమ్మాయికి సెకనుకు 24 ఫ్రేములు వేళ్ల కొసల మీద ఉంటాయి, మూడు ఫ్రేములు ముందు కోశావంటే ఒప్పుకోదు. మేమిద్దరం ఒక కట్ గురించి గంటసేపు వాదించుకుని, ఒక్కసారి కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తేల్చుకున్నాం. 2020లో కేథరిన్ క్రాంప్టన్ అనే పరిశోధకురాలి బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. ఎనిమిదేసి మందిని వరుసగా పెట్టి, ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించారు. అందరూ ఆటిస్టిక్ అయిన వరుసల్లో కథ ఎంత చక్కగా చేరిందో, ఆటిజం లేనివారి వరుసల్లోనూ అంతే చక్కగా చేరింది. ఇద్దరినీ కలిపిన వరుసల్లోనే ఎక్కువగా జారిపోయింది. అర్థం కాకపోవడం ఇరువైపులా ఉందని, ఒక్క ఆటిస్టిక్ వ్యక్తి మీదే ఆ నేరం మోపకూడదని డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు 2012లోనే రాశారు. ఆయన కూడా ఆటిస్టిక్ వ్యక్తే.

మరి మా కలగలుపు బృందం ఆరేళ్లు ఎలా నడిచింది? రెండు వైపులా నేర్చుకున్నాం కాబట్టి. "ఐదు నిమిషాల్లో మొదలుపెడదాం" అంటే నేను గడియారం చూసి ఐదో నిమిషానికి లేస్తానని అక్కకు అర్థమైంది, ఇరవై పడుతుందనుకుంటే ఇరవై అనే చెప్పడం మొదలుపెట్టింది. ఆమె కోపంగా ఉన్నప్పుడు అది నా మీద అయి ఉండదని, ఎండ దిగిపోతోందనే కంగారని నేను నేర్చుకున్నాను. ఇందులో ఏ ఒక్కటీ వారం రోజుల వర్క్‌షాప్‌లో వచ్చేది కాదు.

ఆ సినిమా ప్రదర్శన జరిగిన రెండు నెలలకు, ప్రాజెక్టు లక్ష్యం నెరవేరిందని చెప్పి మా గది తీసేసుకున్నారు.

ఇక మా డిమాండ్లు. ఒక్కోదాని వెనక ఎవరో ఒకరికి జరిగిన నష్టం ఉంది, అది కూడా చెబుతాను.

1. చేసిన పనికి పేరు వేయండి. మా మీద తీసిన సినిమా టైటిల్స్‌లో మా అందరినీ కలిపి "పాల్గొన్నవారు" అని వేశారు. ఎవరు ఏ పని చేశారన్నది లేదు. ఆ సినిమాలో వాడిన మా పాత సన్నివేశాల సౌండ్ నేను రికార్డు చేసింది, ఎడిటింగ్ మా బృందంలోని ఆ అమ్మాయి చేసింది. ఆ అమ్మాయి తర్వాత ఒకచోట ఎడిటింగ్ పనికి వెళితే, ఏం చేశావో చూపించమన్నారు. తెర మీద ఆమె పేరు పక్కన ఏ పనీ లేదు. ఇంటర్వ్యూలో మాటలతో ఒప్పించలేని మనిషికి ఆ ఒక్క పంక్తే అన్నిటికన్నా పెద్ద సిఫారసు. కెమెరా చేస్తే కెమెరా అని, సౌండ్ చేస్తే సౌండ్ అని వేయండి.

2. మా ముఖం వాడుకుంటే, చివరి కట్ మాకు చూపించాకే బయటికి పంపండి. షూటింగుకు ముందు తీసుకునే ఒక్క సంతకంతో సరిపెట్టకండి. మేం సంతకం పెట్టింది షూట్ చేయడానికి. వయొలిన్ అప్పటికి లేదు. ఇది సాధ్యం కాదని దయచేసి అనకండి. 1967లో కెనడాలో, న్యూఫౌండ్‌లాండ్ తీరాన ఉన్న ఫోగో దీవిలో కోలిన్ లో అనే దర్శకుడు ఆ దేశపు జాతీయ చిత్ర సంస్థ తరఫున జాలర్ల మధ్య చిన్న చిన్న సినిమాలు తీశారు. దీవి ఖాళీ చేసి వెళ్లిపొమ్మనే ఒత్తిడి వారి మీద ఉన్న రోజులవి. తీసినది ముందు ఆ మనుషులకే చూపారు. వద్దన్న ముక్క తీసేసే హక్కు వారికిచ్చారు. ఆ తర్వాతే అధికారులకు చూపారు. అధికారులు చెప్పిన జవాబును కూడా సినిమా తీసి మళ్లీ దీవికి తెచ్చి చూపారు. దీవివాసులు అక్కడే ఉండి సహకార సంఘం పెట్టుకున్నారు. మీరు నడుపుతున్న సామూహిక చిత్ర నిర్మాణానికి వేళ్లున్నది ఈ పద్ధతిలోనే. ఆ రోజుల్లో ఫిల్మ్ కడిగించి, ప్రొజెక్టరు మోసుకెళ్లి చూపించారు. ఇవాళ ఒక లింకు పంపితే చాలు.

మాట రానివారు, మాట తక్కువగా ఉన్నవారు ఉంటే, వారు అవును, కాదు అని ఎలా చెబుతారో ముందే తెలుసుకోండి. మా కంటిన్యుటీ అతను ఇష్టం లేకపోతే గదిలోంచి లేచి వెళ్లిపోతాడు. అది జవాబే.

3. మైకుకు ఇచ్చే మర్యాద మనిషికీ ఇవ్వండి. సౌండ్ మొదలయ్యే ముందు ఫ్యాను ఆపుతాం, ఫ్రిజ్ ప్లగ్గు తీస్తాం, చప్పుడు చేసే చెప్పులు విప్పించేస్తాం. పాత రకం ట్యూబ్‌లైట్లు కరెంటును బట్టి సెకనుకు 100 సార్లో 120 సార్లో మినుకుమంటాయి. కెమెరాలో అది అలల్లా పడుతుందని షట్టర్ మారుస్తాం, కుదరకపోతే లైటే మార్చేస్తాం. దీన్ని ఎవరూ గొంతెమ్మ కోరిక అనరు. అదే మినుకు నాకు కళ్ల వెనక సూదిలా గుచ్చుతుందంటే "కాస్త సర్దుకోండమ్మా" అంటారు. ఇంద్రియాలకు సంబంధించిన ఈ తేడా 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5లో, అంటే మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే అమెరికన్ పుస్తకంలో, ఆటిజం లక్షణాల జాబితాకే ఎక్కింది. ఇది మా నాజూకుతనం కాదు. కాల్ షీట్ ముందురోజే పంపండి. మార్పు ఉంటే ఏం మారిందో రాసి పంపండి. కాసేపు ఒంటరిగా కూర్చోవడానికి ఒక గది మూల, తలుపుతో సహా, చూపించండి. మధ్యలో వెళ్లి వచ్చినవారిని ఎందుకు వెళ్లావని అడగకండి. వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

4. కబుర్లు చెప్పించి చేర్చుకోకండి, పని చేయించి చూసి చేర్చుకోండి. సాసన్ అధ్యయనం గురించి పైన రాశాను. పది నిమిషాల ముఖాముఖిలో మేం ఓడిపోయేవాళ్లమే. ఒక పూట బూమ్ ఇచ్చి చూడండి, పది షాట్లు ఇచ్చి కోయమనండి.

5. ప్రాజెక్టు ముగిసిందని బృందాన్ని మూసేయకండి. అన్నిటికన్నా నా గొంతు ఎక్కువగా పట్టుకునేది ఈ డిమాండు దగ్గరే, అందుకే ఎక్కువ రాస్తున్నాను. మీ లెక్కల్లో ఎన్ని సినిమాలు, ఎంతమంది లబ్ధిదారులు, ఎన్ని ప్రదర్శనలు అని గళ్లు ఉంటాయి. తొమ్మిదో సినిమా తర్వాత పదోది ఎందుకు కావాలో రాయడానికి గడి ఉండదు. ఆటిజం లేనివారికి ఒక బృందం పోతే ఇంకో బృందం దొరుకుతుంది, దొరకడానికి ఆర్నెల్లు పట్టవచ్చు. నాకు మొదటిది దొరకడానికి 29 ఏళ్లకు పైనే పట్టింది.

గది పోయాక ఏం జరిగిందో చెబుతాను. "అప్పుడప్పుడూ కలుస్తూ ఉందాం" అనుకుని విడిపోయాం. మామూలు మనుషులకు ఆ మాట సరిపోతుంది. మాకు సరిపోలేదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ పని మీద అన్నది లేకపోతే మాలో సగం మంది గడప దాటలేరు. కంటిన్యుటీ అతను అప్పటి నుంచి ఇల్లు కదల్లేదని వాళ్ల అమ్మగారు ఫోనులో చెప్పారు. షూటింగు రోజుల్లో వాడుకున్న నోటుబుక్కు తీసి, అయిపోయిన సీన్లే మళ్లీ రాస్తున్నాడట: గ్లాసు ఎక్కడ, చేతి గడియారం ఏ చేతికి, తలుపు ఎంత తెరిచి ఉంది. ఆవిడకు కూడా వారానికి ఆ రెండు రోజులే తనవి అనుకునే వీలుండేది, ఇప్పుడవీ లేవు. క్లాప్ కొట్టే కుర్రాడు మళ్లీ అదే సమయానికి రెండు వారాలు మూసిన తలుపు దగ్గరికి వెళ్లి నిలబడి వచ్చాడు. నేను హెడ్‌ఫోన్లు అట్టపెట్టెలో పెట్టేశాను. ఏడాదిలో ఉద్యోగం పనికి కాక వేరే కారణంగా మనిషితో మాట్లాడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నష్టం మా ఆరుగురిదే అనుకోకండి. కెమెరా అక్క ఇప్పటికీ ఫోను చేస్తుంది, ఏ రోజు ఏ గంటకు చేస్తుందో ముందే చెప్పి మరీ చేస్తుంది. తనకూ వేరే చోట ఇంత నిశ్చింత లేదంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అంచనా ప్రకారం ప్రతి 127 మందిలో ఒకరు ఆటిస్టిక్. కాబట్టి మీ ప్రతి బృందం తలుపు అవతలా మాలాంటివారు ఉండే ఉంటారు. నిధులిచ్చేటప్పుడు ఒక సినిమాకు కాకుండా కనీసం కొన్నేళ్ల కాలానికి ఇవ్వండి. మూసేయక తప్పకపోతే ఆరు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పండి, గది తాళమైనా మాకు వదిలి వెళ్లండి. కెమెరా మేం తెచ్చుకుంటాం.

6. చిత్రోత్సవాల వారికి: మా సినిమాలను ఏప్రిల్ 2న, ఆటిజం అవగాహన దినం నాడు మాత్రమే వేయకండి. మేం తీసిన తొమ్మిది సినిమాల్లో ఒక్కటి కూడా ఆటిజం గురించి కాదు. ఒకటి పోయిన గొడుగు గురించి, ఒకటి ఇద్దరు అక్కాచెల్లెళ్ల తగాదా గురించి. తగాదా సినిమా తగాదా సినిమాల పక్కనే ఉండాలి. ప్రదర్శన తర్వాత ప్రశ్నలుంటే ముందురోజు రాసి పంపండి. రాసిన జవాబును వేదిక మీద వేరొకరు చదివినా ఒప్పుకోండి. కొన్ని ప్రదర్శనల్లోనైనా హాలు పూర్తిగా చీకటి చేయకుండా, సౌండ్ కొంచెం తగ్గించి, లేచి తిరిగేవారిని తిరగనివ్వండి. సౌండ్ చేసిన మనిషిగా నా సౌండును తగ్గించమని అడగడం నాకు తేలికేమీ కాదు, అయినా అడుగుతున్నాను.

7. నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర మాకు కుర్చీ వేయండి, కనీసం రెండు. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరూ అందరి తరఫునా ముఖం వేసుకుని కూర్చోవాల్సి వస్తుంది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 30వ అధికరణం, మా సృజనశక్తిని పెంచుకునే, వాడుకునే అవకాశం మాకు ఉండాలంటుంది. అది మా మేలు కోసమే కాక సమాజాన్ని సుసంపన్నం చేయడానికి కూడా అని అక్కడే రాసి ఉంది. అదే ఒప్పందం రెండో అధికరణం, మితిమీరిన భారం కానంతవరకు అవసరమైన సర్దుబాటు చేయకపోవడాన్ని వివక్షగానే లెక్కగట్టింది.

ఈ ఏడింటిలో ఏది కుదరదో, ఎందుకు కుదరదో నాకు రాసి చెప్పండి. ఫోను చేయకండి. ఫోనులో నేను అన్నిటికీ సరేనంటాను, ఆ తర్వాత రెండు రోజులు కుమిలిపోతాను. కాగితం మీద అయితే తూకం వేసుకుని జవాబు చెప్పగలను.

ఆ సినిమా తీయించిన సంస్థకు విడిగా ఒక్క మాట. అది ఇంకా అక్కడక్కడా ప్రదర్శిస్తున్నారని విన్నాను. ఆ షాట్‌కు అసలు శబ్దం నా దగ్గర ఉంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఫైలు పేరులో సీను నంబరు, తేదీ, ఆ తర్వాత "రూమ్‌టోన్" అని ఉంటుంది. షాట్ నిడివికి సరిగ్గా సరిపోతుంది. ఇరవై ఎనిమిదో సెకను దగ్గర ఇసుక రేణువు నలిగిన చప్పుడు ఉంది, దాన్ని తీసేయకండి. వయొలిన్, వ్యాఖ్యానం రెండూ తీసి ఆ 38 సెకన్ల కింద ఇది పెట్టండి. టైటిల్స్‌లో 14 పేర్లు, పక్కన ఎవరి పని వారికి వేయండి, జాబితా రాసి మూడో ఉత్తరంతో పంపాను. అలా కుదరదంటే ఆ షాట్ తీసేయండి. ఫైలు ఎప్పుడు అడిగితే అప్పుడు పంపుతాను.

ఇట్లు,
మీ సౌండ్ రికార్డిస్టు